కుడి ఇంజను కింద డబ్బా

పుదుచ్చేరి లాస్‌పేట విమానాశ్రయంలో నేను డ్యూటీకి చేరింది వానలు పట్టే ఐప్పసి నెలలో, ఒక సోమవారం. ఉదయం ఐదూ నలభై. సన్నని వాన. గాలి సముద్రం వైపు నుంచి. నా దగ్గర లాఠీ, విజిల్, రెయిన్‌కోటు, రబ్బరు బూట్లు, మధ్యాహ్నానికి పెరుగన్నం ఉన్నాయి. కోసపాళయం నుంచి బస్సులో వచ్చాను. బస్సు పోయే చోటికి ఆటో ఎక్కడం నా ఒంటికి పడదు.

అప్పటికి నేను హోంగార్డులో చేరి ఇరవై ఆరేళ్ళు. మా వీధివాళ్ళు అడుగుతుంటారు, హోంగార్డు కూడా సైన్యమేనా అని. తుపాకీ ఇవ్వరు. తక్కినవన్నీ ఇస్తారు. ఖాకీ, ఆర్డరు, ఎండ, వాన. అడిగినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఇదే నా చివరి డ్యూటీ.

ఆర్డరు చిన్న కాగితం. పాత విమానం ఒకటి వచ్చి ఉంది, అది తిరిగి వెళ్ళేదాకా కాపలా. నా వంతు ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. జంట గార్డు ఒకరు. ముప్పై అడుగుల లోపలికి ఎవర్నీ రానివ్వకూడదు. బీడీ, అగ్గిపెట్టె దగ్గరుండకూడదు. జరిగింది జరిగినట్టు డ్యూటీ పుస్తకంలో రాయాలి.

విమానం రన్‌వేకి పడమర పక్క, గడ్డిలో వేసిన సిమెంటు పలక మీద ఉంది. ముక్కు ఆకాశం వైపు, తోక నేల మీద. పెద్ద యుద్ధం నాటిదట. రెక్కకొక ఇంజను. ఇంజనుకు మూడు బ్లేళ్ళ ప్రొపెల్లరు. పాత విమానాలు నడిపేవాళ్ళు దాన్ని జనానికి చూపించడానికి తీరం వెంట ఊరూరూ తిప్పుతున్నారు. ఇక్కడికి వచ్చేసరికి వాన పట్టుకుంది.

ఎగిరితే అందులో ముగ్గురు కూర్చుంటారు. కెప్టెను, రెండో పైలటు, మెకానిక్కు. రన్‌వే తూర్పు కొస దాటితే ఊరి మిద్దెలు. మిద్దెలు దాటితే సముద్రం. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను ఒక రోజు మరిచిపోయాను.

మెకానిక్కు నెల్లూరు వైపు మనిషి. డెబ్భై దాటిన వయసు. మోకాళ్ళు వంగవు. వాయుసేనలో ఇటువంటి ఇంజన్ల మీదే పని చేసి రిటైరయ్యాడు. నేను మేస్త్రీ అని పిలిచాను. ఆయన నన్ను అమ్మా అన్నాడు. నా జంట గార్డు సేదరపేట్ పక్క రైతు. నలభై అయిదేళ్ళవాడు, ఎద్దు భుజాలు. నన్ను అక్కా అంటాడు. మా మాదిరే వాళ్ళింట్లోనూ తెలుగే.

ఇంజను చప్పుడు మొదట విన్నది ఆ సోమవారమే, ఏడూ పదికి. రోజు విడిచి రోజు కాసేపు తిప్పకపోతే ఇంజను పాడవుతుందట. ముందు సన్నగా ఒక మూలుగు. బ్లేడు బరువుగా కదిలింది. ఒకటి, రెండు, మూడు. ఒక దగ్గు. తెల్లటి పొగ. ఇంకో దగ్గు. తర్వాత సిలిండర్లు ఒకదాన్ని చూసి ఒకటి అందుకున్నాయి. చుట్టూ గుండ్రంగా పద్నాలుగు సిలిండర్లు. జెట్టు విమానానిది ఒకటే కేక, చెవిని కోసి పోతుంది. దీని చప్పుడులో అడుగులు వినబడతాయి. దంచినట్టు, వరసగా, తొందర లేకుండా.

రెండో ఇంజను కూడా లేచింది. రెండు చప్పుళ్ళూ కలవలేదు. ఊ... ఊ... అని ఊయలలాగా ఊగాయి. కెప్టెను లోపల ఏదో సర్దాడు. ఆ ఊపు మెల్లగా సాగి, ఇంకా మెల్లగా సాగి, ఆగింది. రెండూ ఒకటయ్యాయి. అప్పుడా చప్పుడు నేలలోంచి నా బూట్లలోకి వచ్చింది. కంచె అవతల మిద్దెల మీద ఆడవాళ్ళు ఆరేసే బట్టలు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయారు.

నాకు ఇంజన్లు కొత్త కాదు. మురుంగపాక్కంలో మా నాయన పొలానికి ఆయిల్ ఇంజను ఉండేది. నాలుగో క్లాసుతో నా బడి ఆగింది దాన్ని కాచుకోవడానికే. ఇంట్లో గిన్నెలు తోముతూనే, పొలంలో ఇంజను తడబడితే లేచి పరిగెత్తేదాన్ని.

మొదటి రోజే ఒకటి చూసి నాకు కడుపు మండింది. రెండు ఇంజన్ల కిందా నూనె. నల్లగా, చుక్క చుక్కగా, సిమెంటు మీద పడుతోంది. ఎవరికీ పట్టలేదు. మేస్త్రీని అడిగాను.

"కారితే భయం లేదమ్మా," అన్నాడు. "కారతా ఉంటే లోపల ఉండాదని అర్థం. కారకపోతేనే చూసుకోవాల."

నవ్వులాటకు అన్నాడనుకున్నాను. మర్నాడు ఇంటి నుంచి పాలపొడి డబ్బాలు రెండు తెచ్చి, ఒక్కో ఇంజను కింద ఒకటి పెట్టాను. ఉదయానికి ఒక్కోదానిలో రెండు వేళ్ళ ఎత్తు నూనె. అది ఇంటికి తీసుకెళ్ళాను. మా గేటు బందులకు, బావి గిలకకు, పక్కింటివాళ్ళ షట్టరుకు అదే పూశాను. మేస్త్రీ చూసి, పుదుచ్చేరిలో గేట్లన్నీ ఇంక విమానం నూనెతోనే తెరుచుకుంటాయన్నాడు.

ఇప్పుడు బ్లేళ్ళ సంగతి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది తెలియదు.

ఇటువంటి ఇంజను ఊరికే నిలబడి ఉంటే, లోపలి నూనె కిందికి దిగుతుంది. అడుగు సిలిండర్లలో చేరుతుంది. అట్లాగే స్టార్టు చేస్తే ఆ నూనెకు పోయే దారి ఉండదు. నూనె నలగదు, ఇనుమే వంగుతుంది. అందుకని స్టార్టుకు ముందు ప్రొపెల్లరును చేత్తో తిప్పాలి. ఇంజనుకు పన్నెండు బ్లేళ్ళు లెక్క, అంటే నాలుగు చుట్లు. మేస్త్రీ మోకాళ్ళకు ఆ పని కష్టం. మూడో రోజు మా ఇద్దరికీ నేర్పాడు. అరచేతులు బల్లపరుపుగా పెట్టాలి. భుజం ఆనించకూడదు. వెనక్కి మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు.

"అది నిలబడితే నువ్వూ నిలబడు," అన్నాడు. "నన్ను పిలువు. అడుగు ప్లగ్గు విప్పి నూనె వదిలిస్తా. అంతే పని."

మాకు ఇది వింతగా తోచింది. హోంగార్డు జీవితంలో లాఠీ ఎత్తింది తక్కువ, జీపు తోసింది ఎక్కువ. వానాకాలంలో మా పాత జీపు దిగబడని గుంట ఈ ఊళ్ళో లేదు. దిగబడ్డ జీపును ఎట్లా తోస్తారో మా దళంలో అందరికీ తెలుసు. ముందు వెనక్కి ఒక ఊపు. వెంటనే ముందుకు ఒక పట్టు. మా చేతులకు అదే చదువు.

పన్నెండో రోజు శుక్రవారం. రాత్రంతా వాన కురిసి తెల్లారి విడిచింది. ఆరు గంటలకు నేను డబ్బాలు చూశాను. ఎడమ డబ్బాలో రెండు వేళ్ళు. కుడి డబ్బా ఖాళీ. చుక్క లేదు. అడుగున ఒక చీమ తిరుగుతోంది.

నాకు సంతోషం వేసింది. ఒక పూట నూనె మిగిలింది అనుకున్నాను. నా జంటకు కూడా చెప్పాను, ఈ ఇంజనుకు ఇప్పటికి బుద్ధి వచ్చిందని.

ఆరూ నలభైకి విమానాశ్రయంవాళ్ళు మాకిచ్చిన వాకీటాకీ పలికింది. టవరులో కూర్చునే అమ్మాయి. మబ్బు తెరుచుకుందట, కెప్టెను ఏడింటికి ఇంజన్లు తిప్పి చూస్తాడట, అంతా సరిగా ఉంటే రేపు ఉదయం ఏడింటికే బయల్దేరతాడట. బ్లేళ్ళు సిద్ధం చేయమన్నాడట. మేస్త్రీ ఇంకా రాలేదు. బస్టాండు దగ్గర ఆయన దిగిన లాడ్జి ముందు మోకాలి లోతు నీళ్ళు.

ఎడమ ఇంజను పన్నెండు బ్లేళ్ళూ సుఖంగా తిరిగాయి. కుడి దానికి వచ్చాం. ఆరు దాకా సరి. ఏడో బ్లేడు సగంలో నిలబడింది. గోడకు చెయ్యి ఆనించినట్టు ఉంది.

నా జంట నా వైపు చూశాడు. "పట్టుకునిందక్కా. మేస్త్రీ వచ్చేదాకా ఉందామా?"

కెప్టెను అప్పటికే మెట్ల దగ్గరికి నడిచి వస్తున్నాడు. నేను సీనియర్ని. నేనే చెప్పాను.

"జీపు కన్నా బరువా ఇది? వెనక్కి ఒక ఊపు ఊపు. ఊ, పట్టు."

వెనక్కి ఊపాం. ముందుకు తోశాం. లోపల ఎక్కడో గుటక వేసినట్టు చిన్న చప్పుడు. బ్లేడు వదిలింది. మిగతావి అన్నిటికన్నా తేలిగ్గా తిరిగాయి. పుస్తకంలో రాశాను. ఎడమ పన్నెండు. కుడి పన్నెండు. సరి.

ఏడూ మూడుకు స్టార్టు. ఎడమది ఎప్పటిలా లేచింది. కుడిది రెండు దగ్గులు దగ్గి, ఒక్కసారి గొంతు పట్టినట్టు ఆగబోయి, నీలం పొగ వదిలి అందుకుంది. పావుగంట తిప్పారు. లోపలి మీటర్లన్నీ సరిగా చూపించాయట. కెప్టెను దిగి, బొటనవేలు పైకి చూపించి వెళ్ళిపోయాడు.

నేను మాత్రం కదల్లేదు. తిరిగినంతసేపూ కుడి చప్పుడులో ఒక అడుగు మెత్తగా పడింది. అన్నీ సరిగానే దంచాయి, ఒక్కటి మాత్రం కాలు ఈడ్చింది. వరసగా, ప్రతి చుట్టుకూ. ఇంజన్లు ఆపేశాక కూడా నా చెవిలో అది ఈడుస్తూనే ఉంది.

ఎనిమిదింటికి మేస్త్రీ వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేతిలో పట్టుకుని. మొదటి మాటే అది.

"పన్నెండూ వచ్చినాయామ్మా?"

"వచ్చినాయి," అన్నాను.

అబద్ధం కాదు. పన్నెండూ వచ్చాయి.

ఆయన వెళ్ళాక నా జంట దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "అక్కా, నీకు తెలుసు గదా. నాకు ముందే ఒక రిమార్కు ఉండాది. ఇంకోటి పడితే పేరు కొట్టేస్తారు. ఇంజను తిరిగింది గదా, కెప్టెను కూడా సరి అనినాడు గదా. మనకేంది?"

"నీకు వినబడిందా ఆ సద్దు?"

"ఏం సద్దు? నాకు అన్నీ ఒకటే మాదిరిగానే ఉండాయి."

వాడు అబద్ధమాడలేదు. వాడికి వినబడలేదు. కెప్టెనుకూ వినబడలేదు. ఆ మైదానంలో వినబడింది నా ఒక్కదానికే.

రెండింటికి డ్యూటీ దిగి ఇంటికి వచ్చాను. కుడి డబ్బా సంచిలో వేసుకొచ్చాను, ఎందుకో తెలియదు. అన్నం సగం తిన్నాను. నేను అన్నం వదలడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. కోడలు ఒళ్ళు బాగాలేదా అని అడిగింది. ఆమె వెనకాల గ్రైండరు తిరుగుతోంది, దోసెలకు పిండి. గుండ్రాయి సమంగా తిరుగుతోంది. ఇరవై ఏళ్ళ నాటి గ్రైండరు. దానిలో కూడా అడుగు తప్పలేదు.

డబ్బా బయటికి తీసి చూశాను. శుభ్రంగా ఉంది. అప్పుడు మేస్త్రీ మాట గుర్తొచ్చింది. కారకపోతేనే చూసుకోవాల. కారాల్సిన నూనె యాడికి పోయింది? లోపలే ఉంది. అడుగు సిలిండరులో. మేం వెనక్కి ఊపినప్పుడు అది గాలి పీల్చే గొట్టంలోకి ఎక్కింది. స్టార్టు కాగానే మళ్ళీ సిలిండరులోకే దిగింది. ఇనుము వంగేది అప్పుడే. రేపు ఏడింటికి ముగ్గురు ఎక్కుతారు.

ఆ రోజు మాత్రం ఆటో ఎక్కాను.

నాలుగింటికి చేరాను. మేస్త్రీ రెక్క కింద స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. డబ్బా ఆయన ముందు పెట్టాను. నిలబడే చెప్పాను. ఉదయం ఈ డబ్బా ఎండి ఉంది. ఏడో బ్లేడు నిలబడింది. వెనక్కి ఊపమని చెప్పింది నేను. పుస్తకంలో రాయనిది నేను. చప్పుడులో ఒక అడుగు తప్పుతోంది.

ఆయన కోప్పడతాడనుకున్నాను. టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"కుడి దాంట్లో కింద సిలిండరా?"

"ఏ సిలిండరో నాకు తెలియదు. ఒకటి కుంటతా ఉండాది. అది తెలుసు."

"సరి. ఒక పొరక తే."

ఆయన కొలిచే పరికరాల పెట్టె చెన్నైలో ఉండిపోయిందట. షెడ్డు మూల ఉన్న పొరకలోంచి పొడుగాటి ఈనె ఒకటి విరిచి ఇచ్చాను. ఆయన అడుగున ఉన్న మూడు సిలిండర్ల ప్లగ్గులు విప్పాడు. ఈనెను ప్లగ్గు రంధ్రంలో పెట్టి పట్టుకున్నాడు. నన్ను బ్లేడు మెల్లగా తిప్పమన్నాడు. అరచేతులతో, ముందుకు. లోపల పిస్టను ఈనెను బయటికి తోసుకుంటూ వచ్చి, ఒక చోట ఆగి, వెనక్కి పోయింది. ఆగిన చోట గోటితో ఈనె మీద గీత పెట్టాడు. రెండో సిలిండరు. గీత అదే చోట. మూడోది.

మూడో సిలిండరులో పిస్టను అంత దూరం రాలేదు. గీతకూ దానికీ గోరంత తేడా.

ఆయన ఈనెను వెలుతురుకు ఎత్తి గీతను ఇంకోసారి చూశాడు. ఆ పొద్దులో ఎండ కూడా కాస్త వచ్చింది. దూరంగా ఎవరో గడ్డి కోస్తున్నారు.

"పిస్టను రాడ్డు వంగింది," అన్నాడు. "రేపు విమానం లేచేది. పైకి పోయినాక యాడో ఒక చోట రాడ్డు తెగేది." తూర్పు వైపు చూశాడు.

మా హోంగార్డు ఆఫీసుకు కాగితం నేనే రాశాను. తెలుగు రాత మా నాయన నేర్పాడు, కానీ ఆఫీసుకు తమిళం కావాలి, తప్పులతోనే రాశాను. వెనక్కి ఊపమని ఆర్డరు ఇచ్చింది నేను, జంట గార్డు నా మాట ప్రకారం చేశాడు అని రాసి సంతకం పెట్టాను. కె. మంగమ్మ. అధికారి చదివి, రిటైరయ్యే ముందు ఇదెందుకమ్మా అన్నాడు. డ్యూటీ పుస్తకంలో నా పేరు ఎదురుగా ఎర్ర సిరాతో రిమార్కు పడింది. నా జంటకు ఏమీ పడలేదు. వాడు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు వాళ్ళ తోట జామకాయలు ఒక సంచి తెచ్చి నా స్టూలు కింద పెట్టి పోయాడు.

కెప్టెను కూడా మాట్లాడలేదు. నన్ను మార్చమని అడిగాడట. మేస్త్రీ ఒప్పుకోలేదట. ఆయన ఏమన్నాడో టవరు అమ్మాయి నాకు చెప్పింది. "తప్పు చేసిన చెయ్యి ఆమెదే, పట్టిన చెవీ ఆమెదే. ఆ చెవి నాకు కావాల."

అటువంటి రాడ్డు ఇక్కడ మార్చలేరు. వేరే ఇంజను బెంగుళూరు నుంచి లారీలో వచ్చింది. సేదరపేట్ ఫ్యాక్టరీ నుంచి క్రేను తెప్పించారు. పాతది దించడానికి ఒక రోజు, కొత్తది ఎక్కించడానికి ఆరు రోజులు. నేను రోజూ ఆరింటికి వెళ్ళాను, రెండింటికి దిగాను. డబ్బాలు పెట్టాను, చూశాను. కొత్త ఇంజను మూడో రోజు నుంచి కారడం మొదలుపెట్టింది. ఆ నల్ల చుక్క డబ్బాలో టప్‌మని పడగానే మేస్త్రీ, నేను ఒకర్నొకరు చూసుకున్నాం.

ముప్పై ఒకటో రోజు, బుధవారం. ఆకాశం కడిగినట్టు ఉంది. గాలి తూర్పు నుంచి, మెల్లగా. బ్లేళ్ళు మేమిద్దరమే తిప్పాం, ఎడమ పన్నెండు, కుడి పన్నెండు. ఏదీ నిలబడలేదు. ఆరూ యాభైకి స్టార్టు. ఎడమది లేచింది. కుడిది లేచింది. రెండూ కాసేపు ఊగి, ఒకటయ్యాయి.

విమానం రన్‌వే పడమటి కొసకు నడిచి, తూర్పు ముఖంగా తిరిగి నిలబడింది. కదల్లేదు. ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి. వాకీటాకీ పలికింది. టవరు అమ్మాయి.

"కాపలా, కాపలా. కెప్టెను అడుగుతున్నాడు. కుడి ఇంజను ఎట్లా ఉంది? ఓవర్."

నా జంట నన్నే చూస్తున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తొందరపడలేదు. ఒక చుట్టు విన్నాను. ఇంకో చుట్టు విన్నాను. మూడోది కూడా విన్నాను.

"అన్ని అడుగులూ నేల మీదే పడుతున్నాయి. పోవచ్చు. ఓవర్."

చప్పుడు లావెక్కింది. తోక లేచింది, తర్వాత చక్రాలు. మిద్దెల మీదుగా పోయి, సముద్రం మీద చిన్నదై, ఉత్తరానికి తిరిగింది. కంటికి కనబడకుండా పోయాక కూడా చాలాసేపు వినబడింది. సరిగా, వరసగా. అది పూర్తిగా ఆగేదాకా నేను విజిల్ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. తర్వాత పుస్తకంలో రాశాను. విమానం వెళ్ళింది. ఏడూ ఎనిమిది.

రెండింటికి లాఠీ, విజిల్, రెయిన్‌కోటు ఒప్పగించాను. బూట్లు నావే. బస్సులో కోసపాళయం వచ్చాను. ఆ నెలతో రిటైరయ్యాను. దండ వేయలేదు, నేను కూడా ఎదురుచూడలేదు.

ఎడమ డబ్బాలో ఇప్పుడు మేకులు ఉన్నాయి. కుడి డబ్బాలో ఏమీ వేయలేదు. వంటింటి కిటికీలో పెట్టాను. పెద్ద మనవరాలు, ఏమీ పారేయని అవ్వ ఇది ఖాళీగా ఎందుకు పెట్టుకుంది అని అడుగుతుంది. జవాబు చెప్పను. గ్యాసు రెండు రోజులు ఎక్కువ వచ్చినా, నూనె సీసా తొందరగా తగ్గకపోయినా, సంతోషపడబోయి ఆగిపోతాను. ఆ శుక్రవారం కంటి ముందుకు వస్తుంది. తడి సిమెంటు, పైన నిశ్శబ్దంగా ఇంజను, దాని కింద తళతళలాడే డబ్బా అడుగు. అందులో ఒక చీమ, నూనె కోసం గుండ్రంగా తిరుగుతూ.